కొత్త ఎర్ర నాచు దొరికిందా? ముందు బ్లేడు పట్టండి

నేను కావలిలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. ఏటా ఎవరో ఒకరు తడి సంచితో వచ్చి, "మేడం, ఫోనులో ఎంత వెతికినా దీని ఫొటో లేదు, ఇది కొత్త జాతే" అంటారు. ఫొటో లేకపోవడానికీ జాతి కొత్తదవడానికీ సంబంధం లేదు. ఎర్ర నాచుల్లో ఏడు వేలకు పైగా జాతులకు ఇప్పటికే పేర్లున్నాయి. మీ చేతిలోది వాటిలో ఏదీ కాదని తేల్చే పని సముద్రం దగ్గర కొంతే, బల్ల దగ్గరే చాలా.

మైపాడు, కొత్తపట్నం లాంటి ఇసుక తీరాల్లో నాచుకు పట్టు దొరకదు. అలలకు కొట్టుకొచ్చింది ఎక్కడ పెరిగిందో చెప్పలేం కాబట్టి దాన్ని ఆధారంగా తీసుకోకండి. మన జిల్లాల్లో రాయి అంటే ఎక్కువగా మనిషి తెచ్చి వేసిందే. అందుకే జువ్వలదిన్నె రేవు కట్టల బండలు, లంగరు తాళ్లు, ఆలిచిప్పలు, కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయలో మడచెట్ల శ్వాసవేళ్లు చూడండి. ఈశాన్య రుతుపవనాల వానలకు బురద నీరు దిగి ఉంటుంది. సంక్రాంతి దాటి నీరు తేటపడ్డాక, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా వెనక్కి తీసే వేళకు వెళ్లండి. ఆ వేళ ఎప్పుడో పట్టికలో చూసుకున్నా, అక్కడి పట్టపువారిని (జాలరులను) కూడా ఒక మాట అడగండి.

నాచును పైన తుంచకుండా, రాతిని పట్టుకున్న మొదలుతో సహా చాకుతో లేపండి. కుళాయి నీళ్లలో మాత్రం కడగవద్దు. మంచినీళ్లు తగిలితే కణాలు పగిలి, కాసేపటికి గిన్నెలో నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ, కారిపోతున్నది నాచుకు ఎరుపునిచ్చే ఫైకోఎరిత్రిన్. సముద్రపు నీళ్లలోనే కడిగి మూడు భాగాలు చేయండి. ఒక ముక్కను డీఎన్ఏ కోసం తడి అద్ది సిలికా జెల్‌లో వేయండి. దానికి ఫార్మలిన్ వాసన కూడా తగలకూడదు. రెండో ముక్కను సముద్రపు నీటితో కలిపిన 4 శాతం ఫార్మలిన్‌లో చీకట్లో ఉంచండి. మిగిలిన మొక్కను హెర్బేరియం షీటు (కాగితానికి అంటించి ఎండబెట్టిన నమూనా) చేయండి. పళ్లెంలో సముద్రపు నీళ్లు పోసి నాచును తేలనిచ్చి, కింద దళసరి కాగితం దూర్చి, సూదితో కొమ్మలు విడదీసి, వాలుగా పైకి తీయాలి. పైన పాత నూలు చీర ముక్క పరిచి, దినపత్రికల మధ్య బరువు కింద పెట్టి, రోజూ పత్రికలు మార్చాలి. చాలా ఎర్ర నాచులను వాటి జిగురే కాగితానికి అంటిస్తుంది. తేదీ, చోటు, దేని మీద పెరిగింది, బతికున్నప్పటి రంగు అక్కడే రాసుకోండి. ఇంటికొచ్చాక రాసేది జ్ఞాపకం కాదు, కల్పన.

రంగు రాయమన్నాను గానీ, దాన్ని నమ్మమనలేదు. ఎండ తగిలేచోట ఎర్ర నాచు ఆకుపచ్చగా, గోధుమగా, నల్లగా కూడా ఉంటుంది. అనుమానం వస్తే కోసిన ముక్కపై అయోడిన్ చుక్క వేయండి. ఆకుపచ్చ నాచులోని పిండిపదార్థం నీలి నలుపుకు తిరుగుతుంది. ఎర్ర నాచులోని ఫ్లోరిడియన్ స్టార్చ్ ఎర్ర గోధుమ రంగు దగ్గరే ఆగుతుంది.

ఇక బ్లేడు. క్యారెట్ ముక్కను నిలువుగా చీల్చి, మధ్యలో నాచు కొమ్మను ఇరికించి, కొత్త బ్లేడుతో ఊపిరి బిగబట్టి పల్చగా అడ్డకోతలు కోయండి. పది కోస్తే రెండు పనికొస్తాయి, అది మామూలే. కొద్దిగా ఆమ్లం కలిపిన ఒక శాతం అనిలిన్ బ్లూ వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. సన్నని వల్కలం (పైపొర) లోపల పెద్ద పెద్ద కణాలు పొదిగినట్లుంటే గ్రాసిలేరియా అనే ప్రజాతి (జీనస్) వైపు ఆలోచించండి. సరిగ్గా నడుమ ఒంటరిగా చిన్న అక్షకణం కనిపిస్తే హిప్నియా కావచ్చు. లోపలంతా దారాల అల్లిక అయితే గ్రాటలూపియా కావచ్చు. టెట్రాస్పోర్ల (నాలుగేసిగా పుట్టే సిద్ధబీజాల) సంచులూ మాట్లాడతాయి. నాలుగు స్పోర్లు గ్రాసిలేరియాలో కూడిక గుర్తులా విడిపోతే, హిప్నియాలో ఒకదానిపై ఒకటి వరుసగా ఉంటాయి.

ప్రజాతి వరకు ఇలా వస్తారు. ఆ తర్వాత స్పోర్లు గానీ సిస్టోకార్పులు (ఫలదీకరణ తర్వాత ఆడ మొక్కపై వచ్చే బొడిపెలు) గానీ లేని మొక్కతో అడుగు ముందుకు పడదు. అందుకే ఒకే చోటికి నెల నెలా వెళ్లి, మగ మొక్క, సిస్టోకార్పు ఉన్న ఆడ మొక్క, టెట్రాస్పోర్ల మొక్క మూడూ దొరికే దాకా ఓపిక పట్టమంటాను. గ్రాసిలేరియా, గ్రాసిలేరియాప్సిస్ పైకి అచ్చం ఒకటే, సన్నని తాళ్లలా ఉంటాయి. సిస్టోకార్పును నిలువునా కోస్తే, గ్రాసిలేరియాలో లోపలి ముద్దనుంచి పై గోడకు పోషక గొట్టపు కణాలు సాగి ఉంటాయి, రెండోదానిలో ఉండవు. ఈ తేడా పట్టించుకోకుండా ఒకప్పుడు దేశదేశాల్లో సన్నటి నాచుకల్లా గ్రాసిలేరియా వెర్రుకోసా అని రాసేశారు. చివరికి 1995లో ఆ పేరుకు ఆధారమైన మొక్కే గ్రాసిలేరియాప్సిస్ లాంజిస్సిమా అయింది. పాత జాబితాల్లో ఆ పేరు కనిపిస్తే అనుమానంతో చదవండి.

ఒకే నాచు రెండు రూపాల్లో తిరగడం ఇంకో చిక్కు. గవ్వల్లో తొలుచుకుని బతికే కాంకోసెలిస్ అనే గులాబీ పోగును వేరే జాతి అనుకునేవారు. అది పోర్ఫైరా అనే ఎర్ర నాచు జీవితంలోని ఒక దశేనని 1949లో కాథలీన్ డ్రూ బేకర్ చూపించారు. మీ కొత్త జాతి పాత జాతికి రెండో వేషం కావచ్చు.

దానికి డీఎన్ఏ అక్కరకొస్తుంది. ఎర్ర నాచులకు సీఓఐ (జాతిని గుర్తుపట్టడానికి చదివే ఒక జన్యువు ముక్క) బార్‌కోడ్ వాడవచ్చని 2005లో గ్యారీ సాండర్స్ రాశాక అది వాడుకలోకి వచ్చింది. దానితోపాటు ఆర్‌బీసీఎల్ జన్యువునూ చదివించండి. ఇంత శాతం తేడా వస్తే కొత్తదే అని అన్ని ప్రజాతులకూ చెల్లే కొలత లేదు. దగ్గరి జాతుల డీఎన్ఏ వరుసలతో పోల్చాలి. వాటి వరుసలకు తప్పు పేర్లు తగిలించి ఉండటమూ మామూలే.

మన జాబితాలో లేనంత మాత్రాన కొత్తది కాదని కృష్ణపట్నం ఓడరేవు వైపు చూస్తే అర్థమవుతుంది. ఓడ అడుగుకు పట్టి ఏ దేశపు నాచైనా రావచ్చు. అప్పుడు అది ఇక్కడ మొదటి నమోదు అవుతుంది, చిన్న విషయమేమీ కాదు. నాచుల పేర్ల వెబ్ జాబితా ఆల్గీబేస్‌లో ఆ ప్రజాతి పేర్లన్నీ తీసి, మొదటి వర్ణనలు చదివి, టైప్ నమూనాలతో (ఆ పేర్లకు ఆధారమైన మొక్కలతో) పోల్చి, ఒక్కొక్కటీ ఎందుకు కాదో రాసుకోండి.

అప్పటికీ ఏదీ సరిపోలకపోతే ప్రచురించండి. 2012 నుంచి వర్ణన లాటిన్‌లోనే ఉండనక్కర్లేదు, ఇంగ్లిషైనా చాలు. బొమ్మ తప్పనిసరి. హోలోటైప్ (కొత్త పేరుకు ఆధారమైన ఒకే నమూనా) ఏదో, ఏ హెర్బేరియంలో (ఎండు మొక్కలు దాచే చోట) ఉందో స్పష్టంగా చెప్పకపోతే పేరు చెల్లదు. జాతికి మీ పేరే పెట్టుకుంటే పేర్లు పెట్టే నియమావళి అడ్డు చెప్పదు, చూసేవాళ్లు మాత్రం నవ్వుతారు. జీవవైవిధ్య చట్టం 2002లోని 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని నిర్దేశిత సంస్థకు తెలియజేసి, నమూనాను అక్కడ అప్పగించాలి. మన విషయంలో అది బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా. అదే రోజు అదే రాతి మీద సేకరించిన మిగతా షీట్లను ఇంకో హెర్బేరియానికి పంపండి. ఒకచోట చెదలు పట్టినా రెండో చోట ఉంటాయి.