దేశ నిర్ణయాల్లో యువత మాట చెల్లాలంటే

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల కళాశాలల్లో యువజన సదస్సులకు కొదవ లేదు. విద్యార్థులు ఆవేశంగా మాట్లాడతారు, అతిథులు మెచ్చుకుంటారు, మరునాడు పత్రికలో ఫొటో వస్తుంది. కానీ చట్టం రాసేవారి దృష్టికి అందులో ఒక్క మాటా చేరదు. నిర్ణయం ఖరారు కాకముందే, రాతపూర్వకంగా, తగిన చోటికి చేరిన అభిప్రాయానికే విలువ ఉంటుంది. అందుకు మార్గాలున్నాయి, అధ్యాపకులు, యువజన సంఘాల పెద్దలు ఆ మార్గాలను పిల్లలకు చూపించాలి.

మొదటిది ఓటు. 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుంచి ఓటు వయసు 21 నుంచి 18 ఏళ్లకు తగ్గింది. 17 ఏళ్లు నిండినవారు ఓటరు నమోదు పత్రమైన ఫారం 6 ద్వారా ముందస్తుగా దరఖాస్తు చేసుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు 18 ఏళ్లు నిండాయా అని లెక్కించే అర్హత తేదీలు. అయితే ఓటు అయిదేళ్లకోసారి వచ్చేది కాబట్టి, మిగిలిన కాలమంతా ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

కేంద్ర శాఖలు చట్టాల, నిబంధనల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014లో కేంద్రం ఒక విధానం ప్రకటించింది. బిల్లు పార్లమెంటుకు చేరాక ఎంపీలతో కూడిన స్థాయీ సంఘమో, ఉభయ సభల సంయుక్త సంఘమో దాన్ని పరిశీలిస్తూ ప్రజల నుంచి వినతిపత్రాలు కోరడం కూడా తరచుగా జరుగుతుంది. ఈ ప్రకటనలను గమనించే బాధ్యతను ప్రతి కళాశాలలో ఇద్దరు విద్యార్థులకు అప్పగించండి, ఎందుకంటే గడువు దాటాక ఎంత గొప్పగా రాసినా ప్రయోజనం ఉండదు. వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనల ముసాయిదా 2025 జనవరిలో వెలువడింది; సూచనలకు మొదట ఫిబ్రవరి 18 వరకు, తర్వాత మార్చి 5 వరకు గడువిచ్చారు. 18 ఏళ్లలోపు వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలన్న అంశం అందులో ఉంది. దానిపై ఇంటర్ చదివే పిల్లలకంటే బాగా చెప్పగలిగేవారెవరు?

ముసాయిదాపై కళాశాలలో చర్చ పెట్టేటప్పుడు వక్తృత్వంలో బహుమతులు తెచ్చుకునేవారినే పిలవకండి. సాయంత్రం బస్సు అందుకోవాల్సిన పల్లెటూరి అమ్మాయిలు, అమ్మానాన్నలు బెంగళూరుకు వలసపోతే అవ్వాతాతల దగ్గర ఉండి చదువుకునే పిల్లలు రావాలంటే సమావేశం మధ్యాహ్నమే జరగాలి. మా ప్రాంతంలో ఇంటింటికీ ఒక పార్టీ ఉంటుంది కనుక, ఏకాభిప్రాయం కోసం పిల్లలను బలవంతపెట్టకుండా, భిన్నాభిప్రాయం ఉన్నవారు వేరుగా వినతి పంపుకోనివ్వాలి. పెద్దలు అక్షరదోషాలు దిద్దవచ్చు. అభిప్రాయాన్ని మాత్రం దిద్దకూడదు.

వినతిపత్రం రెండు పేజీలు దాటకూడదు. ప్రతి సూచనలోనూ ముసాయిదాలోని ఏ నిబంధన, దానివల్ల మన ఊళ్లో ఏం జరుగుతుంది, దాన్ని ఎలా మార్చాలి అన్న మూడూ ఉండాలి. ఉదాహరణకు కేంద్ర పంటల బీమా పథకమైన ఫసల్ బీమాలో వడగండ్ల వంటి స్థానిక విపత్తుతో నష్టపోయిన రైతు 72 గంటల్లో సమాచారమివ్వాలి. ‘రైతులను ఆదుకోవాలి’ అని రాస్తే దాన్ని ఎవరూ కాదనరు, దానివల్ల ఏదీ మారదు. ‘వాన రాత్రి కరెంటు, సిగ్నలు పోయిన ఊళ్లలో, అవి తిరిగి వచ్చినప్పటి నుంచే ఈ గడువును లెక్కించాలి’ అని రాసి, అలా ఇబ్బంది పడిన రైతులు తమ ఊళ్లో ఎందరున్నారో జతచేస్తే, చదివే అధికారి తప్పనిసరిగా ఆలోచించవలసి వస్తుంది. ఇంగ్లిషు రాదని వెనకాడనక్కరలేదు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, కష్టం చెప్పుకుంటూ ఏ కేంద్ర అధికారికైనా తెలుగులోనే వినతి ఇవ్వవచ్చు.

అదే పత్రం ప్రతిని మీ లోక్‌సభ సభ్యునికి స్వయంగా అందజేసి, దాని ఆధారంగా సభలో ఒక ప్రశ్న వేయమని కోరండి. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు అవసరం కనుక పార్లమెంటు సమావేశాల తేదీలు ప్రకటించగానే కలవాలి. ‘చూద్దాంలే’ అన్న జవాబుతో తిరిగి రాకుండా, ప్రశ్న పాఠాన్ని మీరే రాసి తీసుకెళ్లండి.

పంపినంత మాత్రాన పని పూర్తి కాదు. వచ్చిన సూచనల సారాంశాన్ని శాఖ తన వెబ్‌సైటులో ఉంచాలని 2014 విధానమే చెబుతోంది. అది కనిపించకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఎన్ని సూచనలు వచ్చాయో, మీరు రాసిన అంశంపై ఫైలులో ఏమని నమోదైందో అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. తుది నిబంధనలు వెలువడిన రోజున ముసాయిదాను, వాటిని పక్కపక్కన పెట్టి విద్యార్థులచేత చదివించండి. అంగీకరించని సూచన ఇప్పటికీ సరైనదేనని వారు భావిస్తే, దాన్ని తదుపరి సమావేశాల ప్రశ్నగా మళ్లీ ఎంపీ దగ్గరకు తీసుకెళ్లాలి.