విస్తరించిన నేపథ్యంలో అతుకు బయటపడినప్పుడు

నిలువుగా తీసిన ఒక మహిళ పోర్ట్రెయిట్‌ను అడ్డంగా మార్చవలసి వచ్చినప్పుడు, ఇరుపక్కలా ఫ్రేములో లేని గోడను, కిటికీ వెలుగును జనరేటివ్ కృత్రిమ మేధతో పూరించాను. తెరపై చిన్నదిగా చూసినప్పుడు ఫలితం ముచ్చటగానే ఉన్నా, నూరు శాతానికి పెంచి చూడగానే అసలు ఫొటోకూ కొత్త భాగానికీ మధ్య అతుకు స్పష్టంగా బయటపడింది.

కారణం వెతకగా రెండు విషయాలు తేలాయి. నేను వాడిన ఉపకరణం, ఎంచుకున్న ప్రాంతం ఎంత పెద్దదైనా, దాన్ని సుమారు 1024 పిక్సెళ్ల చదరంలోనే సృష్టించి ఆపై సాగదీస్తోంది. అందువల్లనే గోడ గరుకుదనం కరిగిపోయింది. పైగా ఎక్కువ ఐఎస్ఓ (కెమెరా కాంతి సున్నితత్వం) వద్ద తీసిన నా ఫొటోలోని నాయిస్, అంటే సన్నని చుక్కల గరుకు, ఆ కొత్త భాగంలో బొత్తిగా లేదు.

అందుచేత ఖాళీని ఒకేసారి నింపకుండా, 1000 పిక్సెళ్లకు మించని ముక్కలుగా, ప్రతి ముక్కా పక్కదానిపైకి కొంత వచ్చేలా ఎంచుకుని నింపాను. ఆ పొరలన్నిటిపైనా అసలు నాయిస్‌కు సరిపోయే గ్రెయిన్ (కృత్రిమ చుక్కలు) చేర్చి, ముఖంపై పడిన వెలుగు దిశకు పొసగని నీడలను మాస్కుతో, అంటే ఎంచుకున్న భాగాన్ని మాత్రమే దాచే పద్ధతితో, తొలగించాను. ముఖాన్ని మాత్రం ఎంపికలోకి రానివ్వలేదు. మొదటి ప్రయత్నంలో చెవి అంచు పొరపాటున చేరగా, యంత్రం ఆమెకు లేని లోలకును తగిలించింది!

యంత్రం సృష్టించిన తన చిత్రానికి 2023లో వచ్చిన సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ పురస్కారాన్ని జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్ నిరాకరించడం సబబేనని నా అభిప్రాయం. యంత్రం సృష్టించినది ఫొటోగా చెలామణి కాకూడదు కాబట్టి, చిత్రం కింద నేపథ్యం ఎంతవరకు కృత్రిమమో రాసి, రా ఫైలును (కెమెరా నమోదు చేసిన, మార్పులు చేయని అసలు ఫైలు) విడిగా భద్రపరిచాను.