డొమినికాలో మరిగే చెరువు దాకా: ఒక రోజు నడకకు సిద్ధమవడం ఎలా

2023 జులైలో యశస్వి జైస్వాల్ తొలి టెస్టులోనే 171 పరుగులు చేసిన మైదానం కరీబియన్ ద్వీపదేశం డొమినికా రాజధాని రోజో పట్నంలో ఉంది. అక్కడి నుంచి కొండెక్కితే అరగంటలో లోదా అనే ఊరొస్తుంది. ఆ పక్కనే మోర్న్ త్రువా పితోన్ జాతీయ వనం. అగ్నిపర్వతాల మీద పెరిగిన ఈ వానల అడవికి 1997లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. టికెట్ కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు.

ఇక్కడ అసలు పరీక్ష బాయిలింగ్ లేక్, అంటే ఆ మరిగే చెరువు. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వానలు కొంచెం తక్కువ. తక్కువే కానీ ఆగవు, రెయిన్‌కోట్ ఎప్పుడైనా కావాల్సిందే. జూన్ నుంచి నవంబర్ తుపాన్ల కాలం.

గైడ్‌ను ముందురోజే మాట్లాడుకోండి. డబ్బు మిగులుతుందని ఒంటరిగా వెళ్లొద్దు. మంచు కమ్మితే ఆవిరి లోయలో బాట ఎటుందో తెలియదు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, మధ్యాహ్నానికి తిండి, పట్టున్న బూట్లు ఉండాలి. కొత్త బూట్లు వద్దు, బొబ్బలెక్కుతాయి. ఫోను పాలిథిన్ కవర్లో చుట్టండి. పొడి బట్టలు బండిలోనే వదిలేయండి. వెండి మెట్టెలు, పట్టీలు, మొలతాడు ముందురోజే తీసి బసలో పెట్టండి. గంధకపు ఆవిరికి నల్లబడతాయి.

ఉదయం ఏడింటికల్లా టీటూ గార్జ్ అనే ఇరుకు నీటి లోయ దగ్గర నడక మొదలుపెట్టాలి. మొదటి గంట చెట్ల నీడలో సుఖంగానే సాగుతుంది, అందరూ అక్కడే జోరు చేసి తర్వాత చతికిలబడతారు. బ్రేక్‌ఫాస్ట్ రివర్ అనే వాగు దగ్గర కూర్చుని ఏదైనా తినండి. సీసా నింపుకోవాలంటే ఇక్కడే, అదీ శుద్ధి చేసే మాత్ర వేసి. ముందున్న వాగుల్లో ఖనిజాలు కలిసిన నీళ్లు తాగడానికి పనికిరావు. తర్వాత సుమారు 960 మీటర్ల మోర్న్ నికల్స్ కొండ ఎక్కుడు, ఆ వెంటనే లోయలోకి దిగుడు. తడి బంకమట్టి మీద ఎక్కువ మంది జారిపడేది ఈ దిగుడులోనే. చేతికర్ర ఉంటే సంచికి కట్టేసి, లోయవైపు వీపు పెట్టి, నిచ్చెన దిగినట్టు చేతులూ కాళ్లూ ఆనించి దిగండి.

వ్యాలీ ఆఫ్ డెసొలేషన్ అనే ఆ ఆవిరి లోయలో పచ్చదనం ఉన్నట్టుండి మాయమవుతుంది. బూడిదరంగు నేల, కుళ్లిన గుడ్ల వాసన, కుతకుతలాడే బురద గుంటలు. నేల పైపెంకు కొన్నిచోట్ల చాలా పల్చన, కింద సలసల మరిగే నీళ్లు. అందుకే గైడ్ అడుగులోనే అడుగు వేయండి, ఫోటో కోసం పక్కకు జరగొద్దు.

చెరువు సుమారు 60 మీటర్ల వెడల్పు. అంచుల్లోనే 80 డిగ్రీల పైన వేడి, నడిమధ్య ఎసరులా తెర్లుతుంటుంది. గట్టు పైనుంచే చూడండి. కిందకు దిగితే జారుడు ఒక్కటే ప్రమాదం కాదు, బరువైన విషవాయువులు పల్లంలో చేరతాయి. 1901లో ఇద్దరు ఇక్కడ వాయువుల వల్లే చనిపోయారు. చెరువు ఎండిపోయిందనో చల్లబడిందనో తెలిస్తే అసలు వెళ్లొద్దు, 2004 చివర్లో అలాగే ఇంకిపోయి మళ్లీ నిండింది.

మధ్యాహ్నం పన్నెండుకు చెరువు కనబడకపోతే వెనక్కి తిరగండి. సూర్యాస్తమయం ఆరు ప్రాంతంలోనే అయినా, చెట్ల కింద చీకటి అంతకు ముందే పడుతుంది. దిగిన మోకాళ్లతోనే మళ్లీ ఎక్కాలి. వాగు నీళ్లు బురదరంగుకు మారితే ఎగువన వాన పడిందని అర్థం. ఉధృతి తగ్గేదాకా దాటొద్దు. చివర్లో టీటూ గార్జ్‌లో చల్లటి ఈతకు దిగినా ఇదే నియమం, ఆ ఇరుకు గోడల మధ్య వరదొస్తే పక్కకు తప్పుకునే చోటు ఉండదు.

మర్నాడు మోకాళ్లు మొరాయిస్తాయి కాబట్టి ఎమరాల్డ్ పూల్, ట్రఫాల్గర్ జలపాతాలు ఆ రోజుకు ఉంచుకోండి. రెండూ పావుగంట నడకే. సుమారు 60 మీటర్ల మిడిలమ్ జలపాతానికి మాత్రం గంటకు పైగా రాళ్ల బాట, దాన్ని మూడో రోజుకు నెట్టండి.