అపార్ట్‌మెంట్ కామన్ మీటరుకు సోలార్: నీడ చూడటం నుంచి నెట్ మీటరు దాకా

లిఫ్టు, బోరు మోటారు, సంపు మోటారు, మెట్ల లైట్లు, పార్కింగ్ లైట్లు అన్నీ కామన్ మీటరు మీదే నడుస్తాయి. ఆ బిల్లు అందరి మెయింటెనెన్స్‌లోంచి పోతుంది. మేడ మీది జాగా కూడా అందరిదే. అందుకే ఫ్లాటుకో ప్లాంటు పెట్టుకోవడానికి చోటు చాలని అపార్ట్‌మెంట్లు కామన్ మీటరుతో మొదలుపెట్టడం మేలు. మన ఎండకు 10 కిలోవాట్ల ప్లాంటు ఏడాదికి సుమారు 14,000 యూనిట్లు ఇస్తుంది. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన ఏటా 10 టన్నులు గాల్లో కలవకుండా ఆగుతుంది.

ముందు కాగితాలు

కొటేషన్ల కోసం ఫోన్లు చేసేముందు కరెంటు బిల్లు తీసి, మీటరు ఎవరి పేరున ఉందో చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో అది ఇంకా బిల్డరు పేరునే ఉంటుంది. అసోసియేషన్ పేరుకు మారితే తప్ప సబ్సిడీ దరఖాస్తు ముందుకు కదలదు. అసోసియేషన్ రిజిస్ట్రేషన్, దాని పేరున బ్యాంకు ఖాతా, జనరల్ బాడీ తీర్మానం, ఈ మూడూ సిద్ధంగా ఉండాలి. మేడ హక్కు గురించి సేల్ డీడ్‌లో ఏం రాసుందో కూడా చదవండి. పైకప్పు హక్కు బిల్డరు తన దగ్గరే ఉంచుకున్నా, పై అంతస్తు వాళ్లకు రాసిచ్చినా, ఆ సంగతి తేలాకే మిగతా పని. తీర్మానంలో ప్లాంటు సైజు, ఖర్చు పంపకం, ప్యానళ్లకు పోగా బట్టలారేసుకోవడానికి మిగిలే జాగా స్పష్టంగా రాయండి. గొడవలు ఎక్కువగా ఈ చివరి దాని మీదే వస్తాయి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో అసోసియేషన్లకు కామన్ అవసరాల కోసం కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన, మొత్తం 500 కిలోవాట్ల దాకా ఇస్తారు. సెల్లూ ప్యానలూ రెండూ దేశంలో తయారైనవే వాడాలి. అంటే కొటేషన్‌లో ‘డీసీఆర్’ అని రాసి ఉండాలి. ఆ మాట లేని చవక కొటేషన్‌కు ఒప్పుకుంటే సబ్సిడీ పోతుంది. ఈ డబ్బు ప్లాంటు నడవడం మొదలయ్యాక వస్తుంది కాబట్టి ముందు మొత్తం ఖర్చూ సమకూర్చుకోవాలి.

సైజు ఎంత?

పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని సగటు తీయండి. ఒక్క మే నెల బిల్లు చూసి సైజు వేస్తే ప్లాంటు పెద్దదైపోతుంది. 1 కిలోవాట్ నెలకు 120 యూనిట్లు ఇస్తుందనుకోండి. సగటు వాడకం 1,500 యూనిట్లయితే 12 కిలోవాట్లు చాలు. అంతకు మించి పెట్టినా లాభం లేదు, ఎందుకంటే గ్రిడ్‌కు పోయే మిగులు యూనిట్లకు డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) ఇచ్చే ధర మనం కట్టే ధరకంటే బాగా తక్కువ. ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ తప్పవు. మంజూరైన లోడు ప్లాంటు సైజుకు సరిపోతుందో లేదో సెక్షన్ ఆఫీసులో అడగండి.

12 కిలోవాట్లంటే 550 వాట్ల ప్యానళ్లు 22. ఒక్కోటి సుమారు ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది. వరసల మధ్య దారితో కలిపి 1,200 చదరపు అడుగులు నీడ పడని చోటు కావాలి.

నీడ

ఎక్కువ ప్లాంట్లు దెబ్బతినేది ఇక్కడే. సర్వే మే నెలలో చేశారనుకోండి. అప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ట్యాంకు నీడ ట్యాంకు కిందే ఉంటుంది, మేడంతా ఖాళీగా కనిపిస్తుంది. డిసెంబరుకు సూర్యుడు దక్షిణానికి జారిపోతాడు. హైదరాబాదులో డిసెంబరు 21న ఉదయం తొమ్మిదీ పావుకు సూర్యుడు దాదాపు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పది అడుగుల లిఫ్టు గది నీడ అప్పుడు పదిహేడు అడుగులు సాగి వాయవ్యానికి పడుతుంది, సాయంత్రం ఈశాన్యానికి తిరుగుతుంది. కాబట్టి ట్యాంకుకు, లిఫ్టు గదికి, దక్షిణపు పిట్టగోడకు ఉత్తరంగా వాటి ఎత్తుకు రెండింతలు వదలండి. దక్షిణాన పక్క ప్లాటు ఖాళీగా ఉంటే రేపు అక్కడ ఎన్ని అంతస్తులు లేస్తాయో కూడా ఆలోచించాలి.

ఒక ప్యానల్ మూల మీద నీడ పడితే నష్టం ఆ మూలతో ఆగదు. వరసగా కలిపిన ప్యానళ్లలో (దీన్నే స్ట్రింగ్ అంటారు) కరెంటు ఒకే తీగ గుండా పారుతుంది గనుక ఒకటి కుంటుపడితే ఆ వరసంతా తగ్గుతుంది. నీడ తప్పని ప్యానళ్లుంటే వాటిని వేరే స్ట్రింగ్‌గా ఇన్వర్టరు (ప్యానళ్ల డీసీ కరెంటును మనం వాడే ఏసీగా మార్చే పెట్టె) రెండో ఇన్‌పుట్‌కు కలపమనండి.

స్టాండు, స్లాబు

ప్యానళ్లు దక్షిణానికి, 10 నుంచి 15 డిగ్రీల వాలుతో ఉండాలి. వాలు అంతకంటే తగ్గితే వాన నీళ్లు దుమ్మును కడగలేవు, కింది అంచున మట్టి పేరుకుంటుంది. బట్టలకూ నడకకూ చోటు కావాలంటే ఏడెనిమిది అడుగుల ఎత్తు స్టాండు వేయొచ్చు. కానీ ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం డిజైన్‌కు తీసుకోవాల్సిన గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఈ లెక్క వేసి ఇంజనీరు సంతకం చేసిన డ్రాయింగ్ అడగండి. గాలి ప్యానల్‌ను కింది నుంచి పైకి లేపుతుంది, ఆ లాగుడును ఆపేది కాంక్రీటు దిమ్మెల బరువూ వాటి పట్టూ. స్టాండు హాట్ డిప్ గాల్వనైజ్డ్‌ది (కరిగిన జింకులో ముంచి తీసినది), బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. వెల్డింగ్ చేసిన చోట వెండి రంగు పూసి వదిలేస్తే రెండు వానాకాలాల్లో తుప్పు మొదలవుతుంది.

స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సి ఉంటే ప్యానళ్లకు ముందే చేయించండి. తర్వాతయితే మొత్తం విప్పి మళ్లీ బిగించాలి.

వైర్లు, ఎర్తింగ్, జనరేటరు

పదకొండు ప్యానళ్ల స్ట్రింగ్‌లో డీసీ వోల్టేజీ 500 దాటుతుంది. ఎండ ఉన్నంతసేపూ ఆ తీగ బతికే ఉంటుంది, ఎంసీబీ దించినా ప్యానల్ వైపు కరెంటు పోదు. ప్లాంటు నడుస్తుండగా కనెక్టరు లాగితే మంట లేస్తుంది, వాచ్‌మన్‌కు ఇది తప్పకుండా చెప్పండి. కనెక్టర్ల జతలో రెండు ముక్కలూ ఒకే కంపెనీవి అయ్యుండాలి. వేర్వేరు కంపెనీలవి కలిపితే వదులుగా కూర్చుని వేడెక్కుతాయి. మెరుపు రక్షణకు, డీసీకి, ఏసీకి వేరువేరు ఎర్త్ గుంతలు తవ్వించి, రెసిస్టెన్స్ 5 ఓముల లోపు ఉన్నట్టు మీటరు పెట్టి చూపించమనండి.

మేడ మీది ఇన్వర్టరు నుంచి కింది మీటరు దాకా కేబుల్ సన్నగా ఉంటే మరో చిక్కు. మధ్యాహ్నం ఉత్పత్తి పెరిగినకొద్దీ ఇన్వర్టరు దగ్గర వోల్టేజీ లేచి, బంగారంలాంటి ఎండలో ప్లాంటు ట్రిప్ అవుతుంది. కేబుల్‌లో వోల్టేజీ నష్టం 2 శాతం మించకూడదని ఒప్పందంలో రాయించండి.

కరెంటు పోతే ఈ ప్లాంటు కూడా ఆగిపోతుంది. లైనుమీద పనిచేసేవాళ్ల ప్రాణాల కోసమే ఆ ఏర్పాటు. కానీ డీజిల్ జనరేటరు నడుస్తుంటే ఇన్వర్టరు దాన్నే గ్రిడ్ అనుకుని కలవగలదు. లోడు తక్కువుంటే మిగులు కరెంటు జనరేటరులోకి తిరిగి పోయి దాన్ని పాడుచేస్తుంది. జనరేటరు నడిచినంతసేపూ సోలార్‌ను విడగొట్టే కాంటాక్టరు (దానంతటదే తెగే స్విచ్చు) పెట్టించడం అన్నిటికంటే చవకైన దారి. కొటేషన్లలో ఇది సాధారణంగా ఉండదు, మనమే అడగాలి.

నడిచాక

నెట్ మీటరు (గ్రిడ్ నుంచి తీసుకున్న ‘ఇంపోర్ట్’ యూనిట్లనూ, గ్రిడ్‌కు పంపిన ‘ఎక్స్‌పోర్ట్’ యూనిట్లనూ విడివిడిగా లెక్కించేది) బిగించి, ప్లాంటు నడిచేదాకా కంపెనీకి ఇవ్వాల్సిన దాంట్లో 10 శాతం డబ్బు ఆపి ఉంచండి. పదిహేను రోజులకోసారి సూర్యుడు ఎక్కకముందే మెత్తటి మాప్‌తో కడిగించండి. కాగుతున్న అద్దం మీద చన్నీళ్లు పోయొద్దు. ఉప్పు బోరు నీళ్లు తెల్ల మరకలు వదులుతాయి, మున్సిపల్ నీళ్లు వాడండి. పావురాలుంటే ప్యానళ్ల కింద చుట్టూ వల కట్టించండి.

మే నెలలో ఉత్పత్తి అనుకున్నంత రాకపోతే కంగారు పడొద్దు. ప్యానల్ 65 డిగ్రీలకు వేడెక్కితే, ప్రతి డిగ్రీకీ మూడో వంతు శాతం పైగా తగ్గుతూ, 14 శాతం దాకా శక్తి పోతుంది. ‘ఇన్వర్టరు యాప్‌లో 1,400 యూనిట్లున్నాయి, బిల్లులో ఎక్స్‌పోర్ట్ 600 మాత్రమే ఉంది, మిగతావి ఏమయ్యాయి?’ అని ఎవరైనా అడిగితే ఆ 800 పగటిపూట లిఫ్టూ మోటార్లూ నేరుగా వాడుకున్నవని చెప్పండి. యాప్ అంకె, ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ మూడూ ప్రతి నెలా ఒకటో తేదీన రాసి నోటీసు బోర్డులో పెట్టండి. పోయినేడు అదే నెలకంటే పది శాతం పైగా తగ్గితే ముందు దుమ్ము, తర్వాత నీడ, ఆ తర్వాత స్ట్రింగుల వోల్టేజీ చూడండి.