పాత రివాల్వర్ కొనేముందు దాని అట్టపెట్టె సంగతి తేల్చుకోండి

పాత రివాల్వర్లు కలెక్ట్ చేద్దామనుకుంటున్నా అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఒకటే, పెట్టె ఉందంటున్నారా, అయితే ముందు ఆ పెట్టె సంగతి తేల్చుకోండి అని. రివాల్వర్ ఇనుము కాబట్టి 130 ఏళ్ళైనా నిలబడుతుంది, దాన్ని పెట్టి అమ్మిన అట్టపెట్టె అలా కాదు, కొన్న కొన్నాళ్ళకే పారేసి ఉంటారు, లేదంటే మేకులో బొత్తాలో వేసుకుని చిరిగేదాకా వాడేసి ఉంటారు. అందుకే ఒరిజినల్ పెట్టెతో దొరికిన పీస్ అంటే నాకు ప్రాణం, దొంగ పెట్టెలు అన్ని తిరిగేదీ అందుకే.

నేనుండేది అమెరికాలో కాబట్టి ఇక్కడి రూల్సే చెప్తా. ఫెడరల్ చట్టం లెక్కలో 1898లోగానీ అంతకుముందుగానీ తయారైంది యాంటిక్, మామూలు తుపాకీ కిందకి రాదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు మాత్రం ఆ ఒక్క మాట పట్టుకుని కొనేయకండి, ఆ వీసాలో మామూలు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే చాలావరకు నేరం, పైగా రాష్ట్రానికో రూల్ ఉంటుంది, న్యూయార్క్ న్యూజెర్సీ లాంటి చోట్ల ఇంకా గట్టిగా ఉంటాయి, లాయర్‌ని అడిగాకే చెయ్యి వేయండి. ఇండియాకి పట్టుకెళ్ళే ఆలోచన అసలు వద్దు. మన 1959 ఆయుధాల చట్టంలో పాతకాలపు వాటికి మినహాయింపు ఉన్నా అది రిపేర్ చేసినా పేలని వాటికే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి వెళ్ళి తీరిగ్గా చూడండి, కన్ను అలవాటు పడుతుంది.

మొదలుపెట్టడానికి నా సలహా అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెసన్ చేసిన పాయింట్ 38 డబల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితే చాలు, సుత్తి దానంతటదే లేచి పేలే రకం), అందులోనూ మూడో మోడల్. ఈ రివాల్వర్ 1880లో మొదలైంది, మూడో మోడల్ 1884 నుంచి 1895 దాకా చేశారు, సీరియల్ నంబర్లు 1,19,001 నుంచి 3,22,700 వరకు, అంటే నంబర్ ఆ మధ్యలో ఉంటే యాంటిక్ అవునా కాదా అన్న గొడవే లేదు. రెండు లక్షల పైనే చేశారు కాబట్టి బాగున్న పీస్ ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. చెక్కపెట్టెల్లో తుపాకీ మందు డబ్బా, గుళ్ళు పోసే అచ్చు అన్నీ అమర్చిన కోల్ట్ కంపెనీ రివాల్వర్ సెట్లు చూడ్డానికి కళ్ళు చెదిరేలా ఉంటాయి గానీ వాటిలో తర్వాత ఎవరో వేర్వేరు చోట్ల నుంచి ఏరి కూర్చినవి చాలా ఉన్నాయి, కొత్తవాళ్ళు వాటి జోలికి వెళ్ళొద్దు. అలాగే 1857లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ మొదటి మోడల్‌కి గట్టాపర్చా (రబ్బరు లాంటి గట్టి చెట్టుపాలు) పెట్టె అని నల్లగా, మూత మీద ఉబ్బెత్తు బొమ్మలతో ఉండేది, నిజమైనది దొరికితే అదృష్టమే, రేటు కూడా అలాగే ఉంటుంది.

చేతిలోకి తీసుకోగానే మొదటి పని తెరిచి సిలిండర్‌లో, అంటే తిరిగే భాగంలో, తూటాలు పెట్టే ఐదు గదులూ ఖాళీయేనా అని చూడటం, అమ్మేవాడు ఖాళీయే అన్నా సరే. తర్వాత నంబర్లు. పిడి అడుగున ఉన్న నంబరే సిలిండర్ వెనకవైపు, రివాల్వర్ తెరవడానికి ఉండే బ్యారెల్ గొళ్ళెం మీద కూడా ఉండాలి. నికెల్ పూతది అయితే ట్రిగ్గర్ గార్డ్, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు, చూడండి, కంపెనీ నికెల్ వేసిన పీస్‌కి కూడా గార్డ్ నీలంగానే ఉండాలి, అది కూడా తళతళా మెరుస్తుంటే తర్వాతెప్పుడో మళ్ళీ పూత వేయించారని అర్థం. అమ్మేవాడు ఒప్పుకుంటే గ్రిప్, అంటే పిడికి రెండు వైపులా ఉండే నల్ల రబ్బరు ముక్కలు, విప్పి చూడండి, స్క్రూ గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవరే వాడాలి, స్క్రూ మొత్తం తీసేయకుండా కొన్ని చుట్లు వదులు చేసి దాని తల మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే అవతలి ముక్క దానంతటదే లేస్తుంది, అంచు పట్టి పెకిలిస్తే పాత రబ్బరు పెళుసుగా ఉంటుంది, విరిగి చేతికొస్తుంది. నా పీస్‌కి కుడివైపు ముక్క లోపల సన్నగా గీసి రాసిన నంబర్ ఉంది, ఫ్యాక్టరీలో ఎవరో కూర్చుని గీసింది, 130 ఏళ్ళ తర్వాత కూడా చదవగలుగుతున్నా, అది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ పీస్ కొన్నప్పుడే పెట్టె విషయంలో మోసపోయాను. ఒక తుపాకుల షోలో ఒక డీలర్ ఒరిజినల్ బాక్స్ అని చెప్పి బాగా ఎక్కువ తీసుకున్నాడు, ఇంటికొచ్చి పక్కనున్న లేబుల్ చదివితే నీలం పూత, 4 అంగుళాల బ్యారెల్ అని ఉంది, నాదేమో నికెల్, మూడుంబావు అంగుళాలు. పెట్టె పాతదే, అబద్ధం కాదు, కానీ నా రివాల్వర్‌ది కాదు. కాబట్టి లేబుల్ మీద సైజు, పూత రెండూ కలుస్తున్నాయా చూడండి, పెట్టె అడుగున తిప్పి చూడండి, చాలావాటి మీద పెన్సిల్‌తో సీరియల్ నంబర్ రాసి ఉంటుంది, అది కలిస్తే అంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలి. లోపల నూనె మరక కూడా మాట్లాడుతుంది, ఏళ్ళ తరబడి ఒకే రివాల్వర్ పడుకున్న చోట దాని ఆకారంలోనే మరక పడుతుంది, సిలిండర్ ఆనిన చోట అట్ట కొంచెం లోపలికి దిగి ఉంటుంది, అందులో రివాల్వర్ పెట్టి చూస్తే సరిగ్గా కూర్చోవాలి.

కొత్తగా చేసిన దొంగ పెట్టెని పట్టుకోవడానికి చిన్న యూవీ టార్చ్ ఒకటి జేబులో పెట్టుకోండి. కాగితం తెల్లగా కనపడటానికి కలిపే మందులు సుమారు 1950 నుంచే వాడుకలోకి వచ్చాయి, ఆ లైట్ వేస్తే లేబుల్ నీలంగా వెలిగిందంటే అది 1890ల కాగితం కాదు. వెలగనంత మాత్రాన అసలుదని కాదులెండి, పాత పుస్తకాల ఖాళీ పేజీల మీద కూడా అచ్చు వేసేవాళ్ళు ఉంటారు, అందుకే భూతద్దం కూడా కావాలి. ఇంక్‌జెట్ అయితే అక్షరం అంచు చుట్టూ చిన్న చిన్న రంగు చుక్కలు చిమ్మినట్టు కనిపిస్తాయి, పాత అచ్చు అయితే అక్షరం కాగితంలోకి నొక్కుకుని ఉంటుంది.

కొన్నాక స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ నుంచి ఫ్యాక్టరీ లెటర్ తెప్పించుకోండి, ఏ రోజు ఏ ఊరికి పంపారు, ఏ పూత, బ్యారెల్ ఎంత అన్నవి పాత రికార్డుల్లోంచి తీసి ఇస్తారు, కోల్ట్‌కి కూడా ఇలాంటి ఆర్కైవ్ ఉంది. ఏనుగు దంతం గ్రిప్స్ ఉన్న పీస్ అయితే కొనేముందే ఆగండి, 2016 నుంచి దంతం అమ్మకాల మీద రూల్స్ చాలా గట్టిగా ఉన్నాయి.

దాచడం దగ్గర అందరూ చేసే తప్పు రివాల్వర్‌ని అదే పెట్టెలో పెట్టి మూత వేసేయడం. పాత అట్టలో యాసిడ్ ఉంటుంది, తేమ పీలుస్తుంది, ఇనుముకి తుప్పు పడుతుంది, నూనె వల్ల అట్ట పాడవుతుంది, రెండూ పోతాయి. విడివిడిగా పెట్టండి, రివాల్వర్‌కి రెనైసాన్స్ వ్యాక్స్ పల్చగా రాయండి, బ్రిటిష్ మ్యూజియం వాళ్ళ దగ్గర పుట్టిన మైనం అది. పెట్టె లోపల యాసిడ్ లేని టిష్యూ పేపర్ ఉండలు చుట్టి మూలలు కుంగకుండా నింపండి, ఎండ తగలనివ్వకండి, నల్ల రబ్బరు గ్రిప్స్ కూడా వెలుతురుకి గోధుమ రంగులోకి తిరిగిపోతాయి. మెరుగు పెట్టించడం, మూల చిరిగితే సెల్లోటేప్ వేయడం, ఈ రెండూ చచ్చినా చేయొద్దు. ఎక్కడ కొన్నారు, ఎంతకి కొన్నారు, పెట్టె ఆ పీస్‌దేనా కాదా అన్నది విడిగా ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి, పెట్టె మీద మాత్రం పెన్సిల్‌తో కూడా ఏమీ రాయకండి. నా దగ్గరున్న ఆ పెట్టెకి కూడా అలాగే ఒక చీటీ ఉంది, ఈ పెట్టె ఈ రివాల్వర్‌ది కాదు అని.