రైఫిల్‌కు సైలెన్సర్ వెతికే ముందు

యాసంగి పల్లికి ఊడలు దిగుతున్నాయి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు పందులు చేలమీద పడే రోజులివి. చప్పుడు కాని సామాను ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లూ ఇప్పుడే ఎక్కువ. ఆర్డర్ పెట్టేముందు ఇవి చూసుకోండి.

– సైలెన్సర్ విడిగా కొనొద్దు. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ మోతను తగ్గించే పరికరం కూడా తుపాకీ లెక్కే. .22 రైఫిల్‌కున్న లైసెన్స్ దీనికి చెల్లదు. ‘క్లీనింగ్ కిట్’ అని పేరు రాసి అమ్మినా వస్తువు అదే, కేసూ అదే. పార్సిల్ వచ్చేది మీ పేరు మీద, అమ్మినవాడి పేరు మీద కాదు.

– ఎయిర్ రైఫిల్ బోర్ (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మి.మీ. గానీ, శక్తి 20 జౌల్స్ గానీ దాటితే లైసెన్స్ కావాలి. రెండు అంకెలూ బిల్లు మీద రాయించుకోండి.

– స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు మూతి దగ్గర ఏం తగిలించినా పెద్ద లాభం లేదు. మోతలో చాలా భాగం లోపలి స్ప్రింగ్, పిస్టన్‌లదే.

– షూటింగ్ రేంజ్‌లో .22 కాల్చేవాళ్లు చెవులకు ఇయర్‌మఫ్ మర్చిపోవద్దు. చిన్న మోత అనిపిస్తుంది గానీ 140 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. తూటా ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లు, దాటితే గాల్లో వచ్చే ‘ఠప్’ను ఏ సైలెన్సరూ ఆపలేదు. ఆ వేగం దాటని స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు అడగండి.

– పంది మీద ఎయిర్ రైఫిల్ వద్దే వద్దు. చావదు, గాయంతో తిరగబడుతుంది. అడవిపందిని కాల్చాలంటే ముందు అనుమతి ఉండాలి, అటవీ శాఖను అడగండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకైతే అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం.