ఆషాఢం ఫోటోలు: స్టాండ్ లేకుండా తీయడం ఎలా

ఆషాఢంలో ముహూర్తాలుండవు. పెళ్లి ఫోటోలు తీసే మాలాంటివాళ్లకి అది సెలవు నెల. ఫ్లాషులు, స్టాండ్లు అటకెక్కించి, ఒక కెమెరా, దానికి 50 ఎంఎం లెన్సు, అంతే పట్టుకుని రాజమండ్రి చుట్టుపక్కల తిరుగుతాను. నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్లు ముందు అడిగేది ‘ఏ కెమెరా కొనాలన్నా?’ అని. ఉన్నదానితో కానివ్వండి. చేత్తో తీసేటప్పుడు ముందు చూసుకోవాల్సింది షట్టర్ స్పీడ్, అంటే వెలుగు పడటానికి కెమెరా లోపలి తెర ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో అది.

లెక్క తేలికే. లెన్సు ఎన్ని ఎంఎం అయితే, సెకనులో అన్నో వంతు కంటే షట్టర్ నెమ్మదిగా ఉండకూడదు. 50 అయితే 1/50. ఇది ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల మాట, అంటే వెలుగుని పట్టే సెన్సర్ పెద్దగా ఉండేవి. చాలామంది దగ్గర ఉండే చిన్న సెన్సర్ కెమెరాలకి ఒకటిన్నరతో హెచ్చించాలి, అంటే 1/75. నేను ఇంకాస్త పెంచి 1/100 పెడతాను. దానికి ఇంకో లాభం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు. 1/500లో తీస్తే మాత్రం కొట్లో తీసిన ఫోటో మీద చారలు పడొచ్చు. 1/100లో ఆ బాధ దాదాపు ఉండదు.

ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగుని కెమెరా ఎంత పెంచాలో చెప్పే అంకె, ఆటోలో పెట్టి 6400 దాకా వెళ్లనివ్వండి. గరుకుగా వస్తుందని టెన్షన్ వద్దు. గరుకు ఫోటో ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చు, చెయ్యి కదిలి చెరిగిన ఫోటో ఎందుకూ పనికిరాదు.

ఎడమ అరచెయ్యి లెన్సు కింద, మోచేతులు డొక్కలకి ఆనించి, ఒక కాలు కాస్త ముందుకి. సగం ఊపిరి వదిలి, ఆపి, బటన్‌ని మెల్లగా నొక్కండి. వరసగా మూడు నాలుగు తీస్తే రెండోదో మూడోదో నిలకడగా ఉంటుంది. నొక్కినప్పటి కుదుపు మొదటిదానికే పోతుంది. స్తంభమో గుమ్మమో దొరికితే భుజం ఆనించండి. ఆటోకి ఆనుకుంటే ఇంజన్ ఆపి ఉందో లేదో చూసుకోండి! ఫోన్ అయితే రెండు చేతులా పట్టుకుని వాల్యూమ్ బటన్‌తో తీయండి, అంతకుముందు లెన్సు తుడవండి.

ఇక పూలు. తెల్లారకుండానే కడియపులంక పూల మార్కెట్‌కి వెళ్తే బంతిపూలు గుట్టలుగా ఉంటాయి. వాటితో చిక్కేమిటంటే, ఎరుపు, నారింజ రంగులు సెన్సర్‌లో తొందరగా పొంగిపోయి, రెక్కలన్నీ కలిసిపోయి ఒకే ముద్ద అయిపోతాయి. ఎక్స్‌పోజర్, అంటే ఫోటో వెలుగు, 0.7 తగ్గించండి. తెల్ల చామంతులకి ఇది తిరగబడుతుంది: కెమెరా తెలుపుని బూడిదరంగు చేస్తుంది, అంచేత 0.7 పెంచాలి.

అక్కడే దండలు కట్టే ఆడవాళ్లు కూర్చుంటారు. ‘అమ్మా, ఒక ఫోటో తీసుకోనా అండీ?’ అంటే కొంగు సర్దుకుని ఇటు తిరిగి కూర్చుంటారు. ఆ ఒక్కటీ తీయండి, చూపించండి. కాసేపటికి ఆవిడ మళ్లీ దారం అందుకుంటుంది, అసలు ఫోటో అప్పుడే. వేళ్లు ఎంత జోరుగా కదులుతాయంటే 1/100లో కూడా చెరిగిపోతాయి. ముడి స్పష్టంగా కావాలంటే 1/500. నాకు మాత్రం 1/60 ఇష్టం: మొహం, దారపు ఉండ నిలిచి ఉంటాయి, వేళ్లు మాత్రం పరిగెడతాయి. మోకాలి మీద మోచెయ్యి ఆనించి కూర్చుంటే అంత నెమ్మదిగా తీసినా చెయ్యి ఆగుతుంది, ఆవిడ కంటి ఎత్తుకీ వస్తాం.

ఇడ్లీ బండి దగ్గర ఆవిరి కనిపించాలంటే బల్బు ఆవిరికి అవతల ఉండాలి, వెనక చీకటి ఉండాలి. మూత తీయకముందే బండాయన చేతి మీద ఫోకస్ చేసి, బటన్ సగం నొక్కి ఉంచండి. ఆవిరి లేచాక ఫోకస్ తడుముకుంటుంది.

కోళ్లకీ పిల్లలకీ 1/500 చాలు. వెళ్తున్న సైకిల్‌కి ఒకసారి 1/30 పెట్టి, నడుము తిప్పుతూ దానితోపాటే కెమెరాని తిప్పి చూడండి, వెనకున్న గోడ గీతల్లా సాగుతుంది. చాలాసార్లు తప్పుతుంది, ఫర్వాలేదు. గోదావరి మీద పాత హేవ్‌లాక్ వంతెన 1900 నుంచీ కదలకుండా నిలబడే ఉంది, దానికి తొందరేం లేదు.

ఇంటికొచ్చాక ప్రతి ఫోటోనీ పెద్దది చేసి చూడండి. ఫోటోలో ఉన్నవన్నీ ఒకే దిక్కుకి సాగి ఉంటే మీ చెయ్యి కదిలిందన్నమాట, స్పీడ్ పెంచండి. గోడ స్పష్టంగా ఉండి మనిషి చెరిగితే, కదిలింది మనిషే. అప్పుడూ స్పీడే పెంచాలి. లెన్సులో ఉండే స్టెబిలైజర్ మీ చేతి వణుకుని సర్దుతుందే గానీ పరిగెత్తే పిల్లాణ్ని ఆపలేదు. మొహం మసకగా ఉండి చెవో, వెనకున్న గంపో స్పష్టంగా ఉంటే తప్పు ఫోకస్‌ది. స్పీడ్ జోలికి పోకండి, ఫోకస్ చుక్కని కంటి మీదకి జరపండి.